అమెరికాలో ఇంగ్లిష్ ఎంఏ, పీహెచ్‌డీ: టీఏ, ఆర్ఏ పోస్టులతో ఖర్చు గట్టెక్కించుకోవడం

ఇంగ్లిష్ డిపార్ట్‌మెంటుకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే దరఖాస్తు ఎలా రాయాలో సగం తెలిసినట్టే. టీఏ అంటే క్లాసు చెప్పే లేదా వ్యాసాలు దిద్దే టీచింగ్ అసిస్టెంట్, ఆర్ఏ అంటే పరిశోధన పనుల్లో సాయపడే రీసెర్చ్ అసిస్టెంట్; స్టైపెండ్ వచ్చే ఈ పోస్టులనే అసిస్టెంట్‌షిప్ అంటారు. సైన్సు విభాగాల్లో ప్రొఫెసర్ తెచ్చుకున్న గ్రాంటు మీద విద్యార్థి చదువు నడుస్తుంది. ఇంగ్లిష్‌లో అలాంటి గ్రాంట్లు అరుదు. ఇక్కడ అన్నం పెట్టేది ఫ్రెష్‌మన్ కాంపోజిషన్. నర్సింగ్ అయినా ఇంజనీరింగ్ అయినా, దాదాపు ప్రతి యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలు ఒకటో రెండో రైటింగ్ కోర్సులు చదవాల్సిందే. ఆ సెక్షన్లు (ఒకే కోర్సుకి విడివిడి క్లాసులు) చెప్పడానికి మనుషులు కావాలి. అందుకే అడ్మిషన్ కమిటీ మీ ఫైలు తెరిచినప్పుడు మీ పాండిత్యంతో పాటు ఇంకో సంగతి కూడా బేరీజు వేస్తుంది: ఈ మనిషిని ఆగస్టులో ఇరవైమంది పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు నిలబెట్టగలమా? చాలామంది దరఖాస్తుల్లో దీనికి జవాబే ఉండదు.

ఎక్కడ అడగాలి

పీహెచ్‌డీలో చేర్చుకుంటే సాధారణంగా ఐదేళ్ల ప్యాకేజీ ఇస్తారు. కొన్నిచోట్ల మొదటి ఏడాది ఫెలోషిప్, ఆపైన బోధన. సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈమధ్య కొన్ని పేరున్న యూనివర్సిటీలు ఏడాదిపాటు చేర్చుకోవడమే ఆపేశాయి కూడా. కాబట్టి దరఖాస్తు ఫీజు కట్టేముందు ఈ ఏడాది అడ్మిషన్లు ఉన్నాయో లేదో డిపార్ట్‌మెంట్ పేజీలో చూడండి.

ఎంఏ సంగతి తిరగబడి ఉంటుంది. పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల ఎంఏలు చాలావరకు సొంత డబ్బుతో చదివేవే. పీహెచ్‌డీ లేకుండా ఎంఏ మాత్రమే నడిపే స్టేట్ యూనివర్సిటీల్లో అవకాశం ఎక్కువ. కాంపోజిషన్ చెప్పడానికి వాళ్లకి ఎంఏ విద్యార్థులే దిక్కు మరి. పేరు కోసం వీటిని జాబితాలోంచి కొట్టేయడం ఖరీదైన పొరపాటు. రెటరిక్ అండ్ కాంపోజిషన్‌లో (రాయడం, వాదించడం ఎలా నేర్పాలో చదివే శాఖ) ఆసక్తి ఉంటే చెప్పండి. అది డిపార్ట్‌మెంట్ రోజువారీ అవసరానికి నేరుగా తగిలే చదువు. లేని ఆసక్తి నటించొద్దు, రెండో పేరాకే బయటపడిపోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. దక్షిణాది రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ మార్గదర్శకాల ప్రకారం, క్లాసు సొంతంగా చెప్పే టీఏకి ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ (అంటే మన పీజీ స్థాయి) క్రెడిట్లు ఉండాలి. దేశంలో మరికొన్ని చోట్ల కూడా ఇదే లెక్క పాటిస్తారు. అందువల్ల ఎంఏ మొదటి ఏడాది రైటింగ్ సెంటర్లో ట్యూటర్‌గానో, ప్రొఫెసర్ క్లాసులో గ్రేడర్‌గానో పెట్టి, రెండో ఏడాది సెక్షన్ చేతికిస్తారు. ఇప్పటికే ఇండియాలో ఇంగ్లిష్ ఎంఏ చేసినవాళ్లు ఆ క్రెడిట్లు లెక్కలోకి వస్తాయా అని ముందే అడగాలి. వస్తే మొదటి సెమిస్టర్ నుంచే బోధించడానికి మీరు పనికొస్తారు. డిపార్ట్‌మెంటుకి అది చిన్న విషయం కాదు.

దరఖాస్తులో బోధన కనిపించాలి

పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబర్ 1 నుంచి జనవరి 15 మధ్య పడతాయి. ఎంఏకి అడ్మిషన్ గడువు మార్చి దాకా ఉన్నా, అసిస్టెంట్‌షిప్ గడువు జనవరిలోనో ఫిబ్రవరిలోనో అయిపోవచ్చు. చాలామంది ఈ రెండో తేదీ చూడక సీటు వచ్చి డబ్బు రాక ఇరుక్కుంటారు. కొన్నిచోట్ల అందరినీ టీఏ పోస్టుకి వాళ్లంతట వాళ్లే పరిశీలిస్తారు, కొన్నిచోట్ల వేరే ఫారం, వేరే లేఖ, వేరే పోర్టల్. ఏ పద్ధతో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఒక మెయిల్ పెడితే తేలిపోతుంది.

టీచింగ్ స్టేట్‌మెంట్ అడిగితే ఒక పేజీ చాలు. "విద్యార్థి కేంద్రంగా బోధిస్తాను" లాంటి మాటలు ప్రతి ఫైల్లోనూ ఉంటాయి, ఎవరూ చదవరు. ఒక అసైన్‌మెంట్ తీసుకుని, పిల్లలు ఏమి రాస్తారు, ఎక్కడ తడబడతారు, మొదటి డ్రాఫ్ట్ మీద మీరు ఏ రెండు విషయాలు మాత్రమే చెబుతారు, మిగతావి ఎందుకు వదిలేస్తారు అనేది రాయండి. స్కూల్లో పాఠాలు చెప్పినా, జూనియర్ల వ్యాసాలు దిద్దినా, ట్యూషన్లు చెప్పినా లెక్కే. ఎంతమందికి, వారానికి ఎన్ని గంటలు, ఏ స్థాయి అనేది అంకెల్లో రెజ్యూమెలో పెట్టండి. మూడు సిఫారసు లేఖల్లో ఒకటి మీరు బోధించగా చూసినవారు రాస్తే మంచిది. వారికి ఆ మాట అడిగి మరీ చెప్పాలి, లేకపోతే మూడు లేఖలూ మీ మార్కుల గురించే మాట్లాడతాయి.

రైటింగ్ శాంపిల్ సాధారణంగా 15 నుంచి 25 పేజీలు. ఇందులోనూ బోధకుడు కనిపిస్తాడు: పేరాకొక వాదన, ఎమ్‌ఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో తప్పుల్లేని సైటేషన్లు (మూలాల ప్రస్తావనలు). సైటేషన్లు తప్పుగా ఇచ్చినవాడిని ఫస్టియర్ పిల్లలకి సైటేషన్ నేర్పమని ఎవరూ పంపరు. జీఆర్ఈ లిటరేచర్ సబ్జెక్ట్ టెస్ట్‌ని 2021లోనే ఆపేశారు. పాత సలహాలు చదివి దానికోసం వెతక్కండి.

అడ్మిషన్‌కి సరిపోయే టోఫెల్ స్కోరు బోధనకి సరిపోకపోవచ్చు. టీఏలకు స్పీకింగ్ మార్కు విడిగా చూస్తారు. 30కి లెక్కపెట్టే పాత పద్ధతిలో 26 అడిగే చోట్లు చాలా ఉన్నాయి. అది రాకపోతే క్యాంపస్‌లో మౌఖిక పరీక్ష పెట్టి, అందులోనూ తప్పితే ఒక సెమిస్టర్ గ్రేడింగ్ పనికి మారుస్తారు. కొన్నిచోట్ల పోస్టే పోతుంది. వాక్యాలు బట్టీపట్టి వెళ్తే ఉపయోగం లేదు. ఈ పరీక్షలో బోర్డు మీద ఒక విషయం వివరించమంటారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడటం అభ్యాసం చేయండి. యాస ఎవరికీ అడ్డు కాదు, వేగమే అడ్డు.

ఆఫర్ లెటర్‌ని లెక్కల పుస్తకంలా చదవండి

స్టైపెండ్ అంకె ఒక్కటే చూసి సంబరపడకూడదు. ఉదాహరణకి తొమ్మిది నెలలకు 20,000 డాలర్లు అనుకుందాం. అందులోంచి ఏడాదికి ఫీజులు 1,800, ఆరోగ్య బీమాలో మీ వాటా 1,500 పోతే 16,700. దాన్ని తొమ్మిదితో భాగించడం తప్పు, పన్నెండుతో భాగించాలి. వేసవిలో అద్దె ఆగదు కదా. నెలకు చేతికొచ్చేది 1,400కి కాస్త తక్కువ, అదీ పన్నుకి ముందు. ఇంకోచోట 18,500 మాత్రమే ఇచ్చినా ఫీజులు, బీమా పూర్తిగా మాఫీ చేస్తే అదే మేలు.

ట్యూషన్ వేవర్ (చదువు ఫీజు మాఫీ) అన్న మాట కింద రకరకాల అర్థాలున్నాయి. పూర్తి మాఫీయా, బయటి రాష్ట్రం వాళ్లపై వేసే అదనపు భాగం మాత్రమే మాఫీయా? రెండోదైతే ఇన్-స్టేట్ ట్యూషన్ మీరే కట్టాలి, అది వేలల్లో ఉంటుంది. సెమిస్టర్‌కి ఎన్ని క్రెడిట్ల వరకు? తొమ్మిదికే అయితే పన్నెండు తీసుకున్నప్పుడు మిగతా మూడింటి బిల్లు మీదే. సెమిస్టర్ మధ్యలో పని మానేస్తే మాఫీ మొత్తం వెనక్కి తిరిగి బిల్లుగా రావచ్చు. కాబట్టి ఆ క్లాజు ఎక్కడుందో వెతికి చదవండి. ఎన్నేళ్లకి హామీ, ఏ షరతు మీద అనేది కూడా చూడాలి. "నిధుల లభ్యతను బట్టి" అని రాసి ఉంటే, గత ఐదేళ్లలో ఎవరికైనా పునరుద్ధరణ ఆగిందా అని గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌ని నేరుగా అడగండి. అడిగితే తప్పు పట్టరు. టీఏ, ఆర్ఏలుగా పనిచేసే విద్యార్థులకు కార్మిక యూనియన్ ఉన్నచోట ఒప్పంద పత్రం బహిరంగంగానే దొరుకుతుంది. అందులో కనీస వేతనం, పనిగంటలు ఉంటాయి, లేఖలో లేనివి అక్కడ తెలుస్తాయి.

ఏప్రిల్ 15 తేదీ గుర్తుంచుకోండి. గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆ తేదీకి ముందు ఆర్థిక సహాయం ఆఫర్‌పై జవాబు ఇమ్మని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మార్చి మొదట్లోనే ఒత్తిడి చేస్తే ఆ తీర్మానం పేరెత్తి మర్యాదగా గడువు అడగొచ్చు. వద్దనుకున్న ఆఫర్ని మాత్రం పట్టుకుని కూర్చోకండి. మీరు వదిలిన గంటలోనే వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి ఫోన్ వెళ్తుంది. మీకూ అలాగే రావచ్చు, అందుకే ఏప్రిల్ రెండో వారంలో మెయిల్ చూస్తూ ఉండండి.

ఆర్ఏ పోస్టులు

ఇంగ్లిష్‌లో ఇవి తక్కువ, ప్రకటనలు కూడా పెద్దగా పడవు. ఎక్కువగా దొరికేవి డిపార్ట్‌మెంట్ నడిపే జర్నల్లో ఎడిటోరియల్ అసిస్టెంట్, ప్రాచీన గ్రంథాల పరిష్కృత ప్రతుల ప్రాజెక్టు, డిజిటల్ ఆర్కైవ్, ప్రొఫెసర్ పుస్తకానికి సైటేషన్లు సరిచూడటం, ఇండెక్స్ తయారీ. డిజిటల్ పనుల్లో స్కాన్ చేసిన పేజీల ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ పాఠంగా మార్చడం) తప్పులు దిద్దడం, టీఈఐ ట్యాగులు (పాఠంలో భాగాల్ని కంప్యూటర్‌కి తెలిసేలా పెట్టే గుర్తులు) పెట్టడం వస్తే చాలు, మీకంటే బాగా చదివినవాళ్లని కూడా దాటిపోతారు. రెండూ నెలరోజుల్లో సొంతంగా నేర్చుకోవచ్చు. చేరాక మొదటి సెమిస్టర్లోనే ప్రొఫెసర్లకి ఏం చేయగలరో రెండు వాక్యాల్లో చెప్పిపెట్టండి. ఈ పోస్టులు నోటిమాట మీదే నిండుతాయి.

బయటి గ్రాంటు మీద నడిచే ఆర్ఏని మాత్రం రెండేళ్ల భరోసాగా లెక్కవేయకండి. 2025 ఏప్రిల్‌లో జాతీయ మానవీయశాస్త్రాల నిధి పెద్ద సంఖ్యలో గ్రాంట్లని ఉన్నపళంగా రద్దు చేసింది. డబ్బు ఏ ఖాతాలోంచి, ఎప్పటివరకు, అది ఆగితే టీఏకి మారుస్తారా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇరవై గంటలు ఎటు పోతాయి

సగం పోస్టు అంటే వారానికి 20 గంటలు. సాధారణంగా సెమిస్టర్‌కి ఒకటి లేక రెండు సెక్షన్లు. రైటింగ్ క్లాసులో 20మందికి మించి ఉండకూడదని, 15 అయితే మేలని కాంపోజిషన్ బోధకుల జాతీయ సంఘం చెబుతుంది. పాటించని చోట్లు చాలా. రెండు సెక్షన్లు, 40మంది, నాలుగేసి వ్యాసాలు: 160 కాగితాలు. ఒక్కోదానికి 20 నిమిషాలైతే 53 గంటలు, 30 అయితే 80. డ్రాఫ్టు కూడా చదివితే రెట్టింపు. మనిషికి 15 నిమిషాల చొప్పున విడివిడి సమావేశాలు పెడితే ఇంకో పది గంటలు. ఇవన్నీ సమానంగా రావు, మూడు నాలుగు వారాల్లో మీద పడతాయి. సరిగ్గా అదే వారాల్లో మీ సెమినార్ పేపర్లు. ఎవరి చదువైనా దెబ్బతినేది ఇక్కడే. సిలబస్ రాసేటప్పుడే మీ సొంత గడువులు పక్కన పెట్టుకుని, పిల్లల గడువులు వాటికి పది రోజులు ముందుకో వెనక్కో జరపండి. రెండు సెక్షన్ల వ్యాసాలూ ఒకే రోజు తీసుకోకండి. టైమర్ పెట్టుకుని దిద్దండి, ప్రతి కామా దిద్దితే విద్యార్థి ఏదీ చదవడు.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఇది అన్ని పనుల మొత్తం. టీఏ ఇరవై గంటలదైతే లైబ్రరీలో ఐదు గంటలు కూడా కలపకూడదు, స్టేటస్‌కే ముప్పు. సెలవుల్లో ఈ పరిమితి ఉండదు.

మొదటి నెల, పన్నులు

ఆగస్టు ఓరియెంటేషన్ నుంచి మొదటి జీతం దాకా నెల, నెలన్నర పట్టవచ్చు. అద్దె, డిపాజిట్, సెమిస్టర్ ఫీజులు మాత్రం ముందే వచ్చిపడతాయి. ఆ ఆరు వారాల డబ్బు వెంట తీసుకెళ్లాలి. పని మొదలైన మూడు పనిదినాల్లోపు ఐ-9 (ఉద్యోగం చేసే అర్హత చూపే ఫారం) పత్రాల తనిఖీ పూర్తి కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి దేశంలో దిగిన పది రోజులకు, డిపార్ట్‌మెంట్ లేఖతో వెళ్లండి. ముందే వెళ్తే మీ రికార్డు కనబడక తిప్పి పంపవచ్చు.

స్టైపెండ్ మీద పన్ను ఉంటుంది, బోధనకో పరిశోధనకో ప్రతిగా వచ్చిన ట్యూషన్ మాఫీ మీద ఉండదు. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లని మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా నాన్‌రెసిడెంట్‌గా లెక్కిస్తారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం వారికి వర్తించదు. మొదటి పే స్లిప్‌లోనే చూసుకుని, కోత పడితే పేరోల్ ఆఫీసుకు వెళ్లి వెనక్కి అడగండి. మిగతా దేశాల నాన్‌రెసిడెంట్ విద్యార్థుల్లో చాలామందికి లేని వెసులుబాటు ఒకటి మనకుంది: భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. 1040-ఎన్‌ఆర్ రిటర్నులో ఆ ఆర్టికల్ పేరు రాసి మరీ అడగాలి. మామూలు 1040 నింపే సాఫ్ట్‌వేర్ వాడితే ఫారమే తప్పవుతుంది. దానికి జోడించాల్సిన 8843 ఫారాన్ని (అమెరికాలో ఉన్న రోజుల్ని రెసిడెంట్ లెక్కలోంచి మినహాయించేది) ఆదాయం లేని సంవత్సరంలో కూడా పంపాలి.