అమ్మమ్మ కుట్టు డబ్బా చేతికొస్తే

అమ్మమ్మ, నానమ్మల కుట్టుమిషన్ సామాను చేతికొస్తే ముందు దారాల సంగతి చూడండి. పాత నూలు దారం రంగు చెక్కుచెదరకపోయినా బలం పోయి ఉండొచ్చు. రీలు మీది చుట్లు కొన్ని వదిలేసి, జానెడు దారం రెండు చేతులతో గట్టిగా లాగండి. పుటుక్కున తెగితే మిషన్‌కి పనికిరాదు. పెళ్లిలో జాకెట్ భుజం దగ్గర కుట్టు ఊడిందంటే ఆ టెన్షన్ ఎవరికి కావాలి! అలాంటి దారాన్ని తర్వాత విప్పేసే టాకా కుట్లకు వాడుకోండి. తుప్పు సూదులు మొహమాటం లేకుండా తీసేయండి, బట్ట మీద ఆ మరక పడితే ఓ పట్టాన వదలదు.

ఇక గుండీలు. తెల్లగా మెరిసేదాన్ని చెంపకి ఆనించండి. చల్లగా, కాస్త బరువుగా ఉంటే ముత్యపు చిప్పతో చేసింది కావచ్చు. దానికి వెనిగర్, నిమ్మరసం తగలనీయొద్దు. మెత్తటి తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

ఏ గుండీ దేంతో చేశారో తెలియాలంటే కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. అది మాత్రం వద్దు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే భగ్గున అంటుకుంటుంది. కర్పూరం వాసన వచ్చేవి, పగుళ్లిచ్చినవి, జిగటగా మారినవి కనిపిస్తే విడిగా కాగితం కవర్లో పెట్టండి. మూత బిగించిన డబ్బాలో అన్నిటితో కలిపి ఉంచితే, పాడైన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరికి పక్కనున్న హుక్కులు, టిచ్ బటన్లు కూడా తుప్పు పడతాయి.

ఒకే రకంవి ఏడెనిమిది దొరికితే దారానికి గుచ్చి ఉంచండి, ఒక చొక్కాకి సెట్టు దొరికినట్టే.