పాత గేమింగ్ కంప్యూటర్‌కు ఇంకా డబ్బు పెట్టాలా? ఎలా తేల్చుకోవాలి?

మా తమ్ముడి కంప్యూటర్ 2017లో అసెంబుల్ చేయించింది. ఐ5-7400 ప్రాసెసర్, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, ఒక హార్డ్ డిస్క్. గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొందామని వాడు పట్టుబట్టాడు. కొనే ముందు ఒక ఆదివారం కూర్చుని అసలు తేడా ఎక్కడుందో చూశాం. ఆ రోజు తొందరపడి కార్డు కొని ఉంటే డబ్బు దండగయ్యేది. మేం చూసిన వరుసలోనే మీరూ చూడండి.

1. ముందు దుమ్ము, వేడి

కేబినెట్ తెరిచి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. ఆ గాలికి ఫ్యాన్లు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కు చేరవేసే పూత) ఏళ్ల తరబడి మార్చకపోతే మార్చండి. జీటీఎక్స్ 1060 సుమారు 83 డిగ్రీలకు చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన మే నెల ఎండలకు గదే కాగిపోతుంటే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. చలికాలంలో బాగా నడిచి ఎండాకాలంలోనే మొరాయిస్తోందంటే ముందు వేడినే అనుమానించండి.

2. ఏ భాగం అలసిపోయిందో కొలవండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది. గేమ్ నడుస్తుండగానే ఏ భాగం ఎంత పని చేస్తోందో స్క్రీన్ మూలన చూపిస్తుంది. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేసి, మీరు రోజూ ఆడే గేమే అరగంట ఆడండి.

గ్రాఫిక్స్ కార్డు 95 శాతానికి పైనే ఉంటే భారమంతా కార్డు మీదే ఉన్నట్టు. కార్డు 60, 70 దగ్గరే తచ్చాడుతూ ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పడిపోతుంటే ప్రాసెసర్‌నో ర్యామ్‌నో చూడాలి. ప్రాసెసర్ మొత్తం వాడకం 50 శాతమే కదా అని ధీమా పడకండి. ప్రాసెసర్‌లో పని పంచుకునే కోర్లలో ఒక్కటి నిండినా గేమ్ అక్కడే ఆగుతుంది, అందుకే కోర్ల వారీగా చూడండి. ఇంకా తేలకపోతే రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇబ్బంది కార్డులో ఉంది. పెద్దగా కదలకపోతే కార్డు మార్చినా లాభం లేదు.

మా కంప్యూటర్‌లో కార్డు 65 శాతం దగ్గర ఉంది. నాలుగు కోర్లూ 100. ర్యామ్ నిండిపోయింది.

మీ మానిటర్ 60 హెర్ట్జ్ అయితే సెకనుకు 60కి మించి ఫ్రేములు చూపించలేదు. ఇప్పటికే 60 నిలకడగా వస్తుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

3. ఒకటి మారిస్తే ఇంకేం మార్చాలో చూడండి

అదే 2017 నాటి ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 5 1600 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అది కూర్చునే ఏఎమ్4 మదర్‌బోర్డుల్లో చాలావాటిలో బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల జాబితా చూసుకుంటే చాలు. మా ఐ5 బోర్డులో మాత్రం ఏడో తరం ఐ7 దాటి పోలేం. విండోస్ 11కు అదీ పనికిరాదు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే మాకు ప్రాసెసర్ మార్చడమంటే బోర్డుతో సహా, చాలావరకు ర్యామ్ కూడా మార్చడమే. వయసు ఒకటే అయినా రెండు కంప్యూటర్లకూ జవాబు ఒకటి కాదు.

4. కార్డే మార్చాలని తేలితే

ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) ఎన్ని వాట్లో, కార్డుకు తగిన పవర్ కనెక్టర్ ఉందో లేదో, కేబినెట్‌లో పొడవు సరిపోతుందో చూడండి. చవగ్గా వస్తోందని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం పాత బోర్డుకు తీసుకోకండి. అది పీసీఐఈ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారులు) నాలుగే వాడుకుంటుంది, పాత పీసీఐఈ 3.0 బోర్డులో బాగా వెనకబడుతుంది. ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ లాంటి కొత్త గేములకు రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఉన్న కార్డు తప్పనిసరి, జీటీఎక్స్ 1060 మీద అవి ఆడలేం. సెకండ్ హ్యాండ్ కార్డయితే మీ కళ్ల ముందే అరగంట గేమ్ నడిపించి చూడండి.

5. రేపటికి ఏం మిగులుతుందో రాసుకోండి

కాగితం మీద రెండు వరుసలు గీయండి. కొత్త కంప్యూటర్‌లోకి మార్చుకోగలిగేవి ఒక వైపు: ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్), గ్రాఫిక్స్ కార్డు, మంచి ఎస్‌ఎమ్‌పీఎస్, మానిటర్. పాతదానితోనే పోయేవి ఇంకో వైపు: ఆ బోర్డు, దానికి మాత్రమే సరిపోయే ప్రాసెసర్, చాలావరకు దాని డీడీఆర్4 రకం ర్యామ్ కూడా. మొదటి వరుసకు ధైర్యంగా ఖర్చు పెట్టండి. రెండో వరుసకు వేలు పోయాల్సి వస్తే ఆగిపోండి, ఆ డబ్బు కొత్తదానికి దాచండి.

మేం కార్డు కొనలేదు. ఎస్‌ఎస్‌డీ కొత్తది కొన్నాం, రేపు ఏ కంప్యూటర్‌కైనా పనికొస్తుంది. ర్యామ్ ఈ పెట్టెతోనే పోయేది కాబట్టి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఇంకో 8 జీబీ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి జత చేశాం. గేమ్ మునుపటిలా ఆగడం లేదు. కొత్త బోర్డు, ప్రాసెసర్ కోసం తమ్ముడు నెలనెలా కొంత పక్కన పెడుతున్నాడు.