చావు ఆట కథలు రాద్దాం – 3వ పాఠం: నియమం

గత పాఠంలో బరి గురించి చెప్పుకున్నాం. మీ ఆట ఎక్కడ జరుగుతుందో, ఆ చోటికి ఎన్ని తలుపులున్నాయో, పైనుంచి ఎవరు చూస్తున్నారో ఒక పేజీ రాయమన్నాను. ఆ పేజీ పక్కన పెట్టుకోండి. ఇవాళ ఆ బరికి నియమం రాస్తాం. ఈ పాఠాలన్నిటిలో నాకు ముఖ్యమైనది ఇదే. అందుకే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మనుషుల్ని బలవంతంగా కొట్లాటకు దింపి, చివరికి ఎవరు మిగులుతారో చూసే కథలు జనం విరగబడి చదువుతారు, చూస్తారు. వాటిలో సమాజం మీద విమర్శ ఎక్కడుంటుంది? కొత్తగా రాసేవాళ్లు దాన్ని రక్తంలో పెడతారు, లేదంటే హీరో ఉపన్యాసంలో పెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి కథలో తొమ్మిది చావులు. చివర్లో నాయకుడు కెమెరా వైపు తిరిగి ఒకటిన్నర పేజీ మాట్లాడతాడు. కథ తిరిగొచ్చింది. కొన్నేళ్ల తర్వాత తీసి చదివితే విషయం అర్థమైంది. ఆ తొమ్మిది మందీ బరిలోకి ఎందుకొచ్చారో, రాకుండా ఉండగలిగినవాళ్లు ఎవరో నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఉపన్యాసం మోయాల్సి వచ్చిన బరువంతా ఆ ఒక్క వాక్యం మోసి ఉండేది.

కాబట్టి ఈ పాఠంలో నేర్చుకునే పని ఒకటే. మన మధ్య ఇప్పటికే నడుస్తున్న ఒక నియమాన్ని పట్టుకుని, దాని ముసుగు తీసి, బరిలో నిలబెట్టడం.

ఒక లెక్క

కాగితం, పెన్సిల్ తీసుకోండి.

సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన ‘ది హంగర్ గేమ్స్’లో పానెమ్ అనే దేశం ఉంటుంది. దాని 12 జిల్లాల నుంచి ఏటా ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీ తీసి చావు ఆటకు పంపుతారు. 12 ఏళ్లు వచ్చేసరికి పిల్లల పేరు చీటీల్లో పడుతుంది. ఆ ఏడు ఒక చీటీ, 13వ ఏట రెండు, అలా పెరిగి 18వ ఏట ఏడు. ఇక్కడిదాకా అందరికీ సమానమే. దీనికి రచయిత్రి ఇంకో నియమం కలిపారు. ఇంట్లో తిండికి కష్టంగా ఉంటే అదనంగా ఒక చీటీ వేసుకోవచ్చు. బదులుగా ఒక మనిషికి ఏడాది పొడవునా అంటూ కొద్దిపాటి ధాన్యం, నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేసుకోవచ్చు. పాత చీటీలు పోవు, ఏటేటా పేరుకుంటాయి.

కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్లు. ఇంట్లో తల్లి, చెల్లి, తను. ముగ్గురి తిండికి మూడు, తప్పనిసరిది ఒకటి, ఏడాదికి నాలుగు. ఐదేళ్లకు 20. ఆమె స్నేహితుడు గేల్‌కు 18. ఐదుగురున్న ఇల్లు, ఏడాదికి ఆరు, ఏడేళ్లకు 42. అదే జిల్లాలో మేయర్ కూతురు ఉంది. కాట్నిస్ ఈడుదే, ఇంట్లో ఆకలి లేదు. ఆమెకు 5.

5, 20, 42. పక్కపక్కనే రాసి చూడండి. చీటీల జాడీ ఒకటే, చీటీ తీసే చెయ్యి ఒకటే. ‘పేదవాళ్లే ముందు చస్తారు’ అని ఏ పాత్రా అనక్కర్లేదు, గుణకారమే చెప్పేస్తోంది. దాంతోపాటు ఇంకోటి కూడా జరుగుతుంది. చీటీలు తీసే రోజు పొద్దున గేల్ కోపం నియమం పెట్టిన రాజధాని మీద కాకుండా ఎదురుగా తెల్ల గౌనులో నిలబడిన మేయర్ కూతురి మీద పడుతుంది. ఆ పిల్ల చేసిన తప్పు ఏమీ లేదు. మంచి నియమం కింద ఉన్నవాళ్లను ఒకరి మీదికి ఒకరిని ఎలా తిప్పుతుందో ఆ చిన్న మాటల గొడవలో కనిపిస్తుంది. నవలలోని కత్తిపోట్లన్నిటికంటే నాకు ఆ గుమ్మం దగ్గరి సీను ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇలాంటి నియమాలను ఊహించి తయారు చేయాల్సిన అవసరం పెద్దగా ఉండదు. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే వరస తేల్చడానికి 366 తేదీలను 366 నీలి ప్లాస్టిక్ గుళికల్లో పెట్టి, గాజు జాడీలోంచి ఒక్కొక్కటే తీశారు. టీవీలో చూపించారు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. గుళికలు సరిగ్గా కలవకపోవడంతో ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లకు ముందు వరసలు ఎక్కువగా వచ్చాయని తర్వాత లెక్కలు కట్టి చూపించారు. కథ రాసేవాళ్ల కన్ను మాత్రం గుళికల దగ్గర ఆగిపోకూడదు. అప్పట్లో కాలేజీలో చదువుతున్నవాడికి వాయిదా దొరికేది. జాడీ అందరికీ ఒకటే అయినా, జాడీ దాకా రాకుండా తప్పుకునే దారి కొందరికే ఉండేది. మీ నియమంలో ఆ వాయిదా ఎవరికి దొరుకుతుందో రాసుకోండి.

సంతకం

బలవంతం అనగానే మనకు తాళ్లు, తుపాకులు గుర్తొస్తాయి. వాటితో కథ మొదలుపెట్టొచ్చు. 1999 నాటి జపాన్ నవల ‘బ్యాటిల్ రాయల్’లో పిల్లల మెడకు పేలే పట్టీలు వేస్తారు, వేరే దారి ఉండదు. పెద్దవాళ్లు పిల్లలకు భయపడి వాళ్లను అణచిపెట్టే లోకానికి అది సరిపోయింది. కానీ అప్పు గురించో, జీతం గురించో రాయాలనుకుంటే తాళ్లు పనికిరావు. అక్కడ కావాల్సింది సంతకం.

2021లో వచ్చిన కొరియన్ సిరీస్ ‘స్క్విడ్ గేమ్’లో ఒప్పంద పత్రంలో మూడే షరతులు. ఆట మధ్యలో మానకూడదు. ఆడనన్నవాడు ఎలిమినేట్. ఎక్కువమంది ఒప్పుకుంటే ఆట ఆపేయొచ్చు. పెద్ద బహుమతి డబ్బు కోసం 456 మంది, చాలావరకు అప్పుల్లో మునిగినవాళ్లు, సంతకం పెడతారు. మొదటి ఆట ముగిసేసరికి 201 మంది మిగులుతారు. మూడో షరతు ప్రకారం ఓటు వేస్తారు. 101, 100. ఒక్క ఓటు తేడాతో ఆట ఆగుతుంది, అందరినీ ఇళ్లకు పంపేస్తారు.

తర్వాతి కథ చాలావరకు బరి బయటే. ఒకడి తల్లికి షుగర్‌తో కాలు పాడైంది, ఆస్పత్రికి డబ్బుల్లేవు. ఇంకొకడికి పని చేయించుకున్న యజమాని జీతం ఇవ్వడు. ఆ 201 మందిలో 187 మంది తిరిగొస్తారు. సిరీస్ మొత్తంలో భయపెట్టే అంకె ఇదేనని నేను నమ్ముతాను. మనుషులు కళ్లముందు చచ్చిపోవడం చూసి, ఇంటికెళ్లి, అక్కడ పరిస్థితి చూసుకుని, తమ కాళ్ల మీద తాము నడిచి వెనక్కొచ్చారు. హీరో ఒకప్పుడు కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన కార్మికుడు. 2009లో సాంగ్‌యాంగ్ మోటార్‌లో జరిగిన సమ్మె నుంచి ఆ గతాన్ని తీసుకున్నానని దర్శకుడు హ్వాంగ్ డాంగ్ హ్యుక్ చెప్పారు.

ఈ సంతకం చాలా పాతది. రోమ్‌లో గ్లాడియేటర్లందరూ బానిసలు, యుద్ధఖైదీలే అనుకుంటాం. డబ్బు కోసం ఒప్పందం రాసుకుని దిగిన స్వేచ్ఛాపౌరులూ ఉన్నారు. కాల్చినా, కట్టేసినా, కొట్టినా, కత్తితో చంపినా సమ్మతమేనని ప్రమాణం చేసేవాళ్లు. 1930ల అమెరికాలో, పనుల్లేని రోజుల్లో, జంటలు రోజుల తరబడి ఆగకుండా నాట్యం చేసే పోటీలు జరిగేవి. వాటి మీద హొరేస్ మెకాయ్ 1935లో నవల రాశాడు. ఒక గంట 50 నిమిషాలు నాట్యం, 10 నిమిషాలు విశ్రాంతి. నిలబడి ఉన్నంతకాలం తిండి, పడక ఉచితం. బహుమతి సంగతి తర్వాత, ఆ తిండీ పడకే మనుషులను లోపలికి లాగేవి.

మీ బరికి తలుపు తీసి ఉంచి చూడండి. ఆ తలుపు బయట ఏముందో ఒక పేరా రాయండి. బయట ఉన్నది లోపల ఉన్నదానికంటే మేలని పాఠకుడికి అనిపిస్తే, మీ నియమం ఇంకా తయారు కాలేదు.

చెప్పే వరస

అదే సిరీస్‌లో గోళీల ఆట దగ్గర కాసేపు ఆగుదాం. ముందు ‘ఇద్దరిద్దరు జతకట్టండి’ అని మాత్రమే చెబుతారు. జట్టుగా ఆడాలేమోనని అందరూ తాము బాగా నమ్మినవాళ్లను ఎంచుకుంటారు. ఒక మొగుడూ పెళ్లాం ఒకరినొకరు ఎంచుకుంటారు. చేతుల్లో చెరి పది గోళీల సంచీ పడ్డాక అప్పుడు అసలు మాట చెబుతారు: జతవాడి గోళీలన్నీ గెలుచుకున్నవాడే బతుకుతాడు.

ఇదే నియమం ముందే చెప్పి ఉంటే? ప్రతివాడూ తనకు పడనివాడిని వెతుక్కునేవాడు, మామూలు పోటీ సీను అయిపోయేది. రెండు వాక్యాల వరస మార్చడంతో నమ్మకమే ఉచ్చుగా మారింది. ఏ ఆట ఆడాలో కూడా వాళ్లనే తేల్చుకోమంటారు, కొట్టుకోవద్దు అంటారు. అంటే మోసం చేసే పద్ధతి కూడా ఆడేవాళ్లే కనిపెట్టాలి. ఒక జతలో ఇద్దరమ్మాయిలు ఆడడం మానేసి, ఉన్న అరగంటా మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. చివరికి ఒకామె కావాలనే గోళీని కాళ్ల దగ్గర జారవిడుస్తుంది. నియమం అంత బిగుతుగా ఉంది కాబట్టే ఆ చిన్న పని అంత పెద్దదిగా కనిపించింది.

2023లో ఇదే సిరీస్ పేరుతో నిజంగానే 456 మందితో రియాలిటీ షో చేశారు. బరి, బట్టలు, ఆటలు దాదాపు అవే. ఎవరూ చావరు, 45 లక్షల 60 వేల డాలర్ల బహుమతి. చూడడానికి సరదాగానే ఉంది. అందులో తీసేసింది చావును ఒక్కదాన్నే కాదు. అప్పు, ఓటు, 187 మంది వెనక్కి రావడం, ఇవన్నీ పోయాయి. అవి పోతే సొగసైన ఆట ఒక్కటే మిగిలింది. మీ కథలోంచి ఎవరైనా ఆటను ఊడదీసి అమ్మగలిగితే, అది నియమానికి గట్టిగా అతుక్కోలేదని లెక్క.

చేసి చూద్దాం

ఇప్పుడు మనదే ఒకటి రాద్దాం. ముడిసరుకు ఆఫీసుల నుంచి తీసుకుంటాను. జాక్ వెల్చ్ అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌ను నడిపిన రోజుల్లో మేనేజర్లు తమ కింది ఉద్యోగులను పనితీరును బట్టి పై 20, మధ్య 70, చివరి 10 శాతాలుగా విడగొట్టాలి. చివరి 10 శాతాన్ని సాధారణంగా బయటకు పంపేవాళ్లు. అందరూ బాగా పనిచేసినా ఎవరో ఒకరు అట్టడుగున ఉండాల్సిందే. ఈ టెన్షన్ చాలామందికి తెలిసిందే కాబట్టి పాఠకుడికి విడమరిచి చెప్పే పని లేదు.

మొదటి ప్రయత్నం: ‘ప్రతి రాత్రీ కాపలావాళ్లు ఒకరిని చంపుతారు.’ దీంట్లో కాపలావాడి క్రూరత్వం తప్ప ఏమీ లేదు. వాడిని చంపేస్తే కథ అయిపోతుంది.

రెండోది: ‘ప్రతి రాత్రీ అందరికంటే తక్కువ రాళ్లు మోసినవాడు పోతాడు.’ కొంచెం నయం. కానీ ఇది బలానికి పెట్టిన పరీక్ష, పాఠకుడు బలవంతుడి పక్షం చేరిపోతాడు.

మూడోది: ‘ప్రతి రాత్రీ పదిమందీ తమలో వెనకబడినవారి పేరు ఒక్కొక్కరూ చీటీ మీద రాసి ఇవ్వాలి. ఎక్కువ చీటీలు వచ్చినవారు వెళతారు. ఒక్క చీటీ ఖాళీగా వచ్చినా మర్నాడు ఎవరికీ నీళ్లుండవు.’ ఇప్పుడు కాపలావాడు చంపక్కర్లేదు. చీటీలు లెక్కపెడితే చాలు. మంచివాడు ఖాళీ చీటీ ఇస్తే తొమ్మిది మంది దాహానికి కారణమవుతాడు. ఇలాంటి నియమం దొరికిందంటే సీను దానంతట అదే వస్తుంది:

*పదిమందికీ ఒకటే పెన్సిల్. చేతులు మారుతూ ముసలాయన దగ్గరికి వచ్చేసరికి మొన అరిగిపోయింది. బ్లేడు అడిగాడు, ఎవరి దగ్గరా లేదు. పళ్లతో చెక్క కొరికి, మొన బయటికి తీసి, తన చీటీ రాసుకుని, పక్కనున్న కుర్రాడికి అందించాడు. ‘చూడు బాబూ, ఇప్పుడు బాగానే పడుతోంది.’ కుర్రాడు చీటీ మోకాలి చాటున పెట్టుకుని ఆయన పేరే రాశాడు.*

ఇక్కడ ఒక్క చుక్క రక్తం లేదు. ‘ఎంత దుర్మార్గం’ అని నేను అనలేదు, కుర్రాడి మనసులోకి కూడా వెళ్లలేదు. వెళ్లాలని చెయ్యి లాగింది, ఆపుకున్నాను. పెన్సిల్ చాలు.

ఈ వారం పని

గత వారం రాసిన బరి పేజీ తీయండి. మీకు బాగా తెలిసిన ఒక నియమాన్ని ఎంచుకోండి: వడ్డీ, హాజరు, ర్యాంకు, క్యూ, ఏదైనా సరే. కోపం తెప్పించేది అయితే మరీ మంచిది. దాన్ని మూడు వాక్యాలకు మించకుండా ఆట నియమంగా రాయండి. మొదటిసారి వచ్చింది ఉంచుకోవద్దు, కనీసం మూడుసార్లు తిరగరాయండి. ఆపైన ఇద్దరి మధ్య ఒకే ఒక సీను, 200 మాటల్లో. ఎవరూ చావకూడదు, ఆయుధం కనిపించకూడదు, నియమాన్ని ఎవరూ తిట్టకూడదు.

రాశాక ఆ మూడు వాక్యాలను మాత్రం ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. కథ అని చెప్పొద్దు. వాళ్లు ‘అమ్మో’ అంటే ఇంకా దిద్దాలి. ‘అందరికీ ఒకటే రూలు కదా, ఇందులో తప్పేముంది’ అన్నారనుకోండి, ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. నాలుగో పాఠంలో ఆట చూస్తున్నవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ మాట అన్న మనిషినే ముందు వరసలో కూర్చోబెడతాం.