పెద్ద వయసులో కాళ్ళ బలం – 3వ పాఠం: కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం

పోయిన పాఠంలో గోడను తోస్తూ భుజాలకు పని చెప్పాం. ఈసారి తొడల వంతు. బాత్రూంలోకైనా, బస్సు మెట్టు మీదకైనా ఒకరి చెయ్యి పట్టుకోకుండా వెళ్ళాలంటే తొడ ముందు కండ, పిరుదుల కండ గట్టిగా ఉండాలి.

సుమారు 17 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీని వీపు గోడకు ఆనేలా వెయ్యండి. సోఫా వద్దు, దిగబడిపోతాం. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. కుచ్చెళ్ళు, పంచె అంచు కాళ్ళకింద పడకుండా చూసుకోండి.

సీటు ముందు అంచుకు జరగండి. పాదాలను మోకాళ్ళకంటే కాస్త వెనక్కి లాక్కోండి. ఇది ముఖ్యం: పాదాలు ముందుకు చాపి లేవబోతే బరువంతా వెనకే ఉండిపోతుంది, చేతులు ఆసరా వెతుక్కుంటాయి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా నడుము దగ్గర వంగండి. పిరుదులు తేలికవుతాయి. అప్పుడు పాదాలతో నేలను అదుముతూ, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది.

ఇక కూర్చోవడం. నా దృష్టిలో అసలు పాఠం ఇదే. పిరుదులు వెనక్కి జరుపుతూ, మనసులో నాలుగు లెక్కపెడుతూ దిగండి. సాగుతూ బరువు మోసేటప్పుడు కూడా కండ బలపడుతుంది. దబ్బున కూలబడితే ఆ లాభమంతా పోతుంది.

ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఎనిమిది. రోజు విడిచి రోజు చాలు. 65 దాటినవాళ్ళు వారంలో కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చేతులు ఆనించకుండా లేవలేకపోతే సీటు మీద దుప్పటి మడతపెట్టి ఎత్తు పెంచండి. వారం వారం ఒక్కో మడత తగ్గించండి. సులువైపోతే లీటరు నీళ్ళ సీసా గుండెకు హత్తుకుని లేవండి.

వయసైపోయిందనుకోకండి. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తిస్తే తొడల బలం సగటున రెండింతలు దాటింది.

మోకాలో తుంటో ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి అనిపించినా వెంటనే ఆపేయండి.

వచ్చే పాఠంలోగా ఒక పరీక్ష: పక్కన ఒకరిని నిలబెట్టుకుని, చేతులు ఛాతీమీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టి రాసుకోండి. 70–74 ఏళ్ళ మగవాళ్ళకు 12, ఆడవాళ్ళకు 10 కంటే తక్కువైతే పడిపోయే ప్రమాదం ఎక్కువన్నమాట. తర్వాత నేర్చుకునేది నేలమీంచి లేవడం. దానికి చాప, కదలని స్టూలు సిద్ధంగా ఉంచుకోండి.