ఇంకొక పిస్టల్ కాలిబర్ రీలోడింగ్ మొదలుపెట్టాలా వద్దా: నిర్ణయించుకోవడం ఎలా?

ఒక కాలిబర్‌ను (ఒక కొలత తూటాలను) కొంతకాలం సాఫీగా రీలోడ్ చేసినవారికి, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను (కేసులను) తిరిగి నింపుకున్నవారికి, రెండో దానిపై మనసు మళ్లడం సహజం. తూటాలు నింపే మీట యంత్రం (ప్రెస్) ఉంది, త్రాసు ఉంది, చేయి తిరిగింది, ఇక కేసును ఆ కాలిబర్ కొలతకు తెచ్చే అచ్చుల జత (డై సెట్) ఒకటి కొంటే సరిపోతుంది గదా అనిపిస్తుంది. ఈ ధీమాతో మొదలుపెట్టి ఏడాది తిరగకముందే కొత్త డైలను అటకెక్కించినవారిని, అంతకంటే ఘోరంగా రెండు కాలిబర్ల సామగ్రిని ఒకే బల్ల మీద కలగాపులగం చేసుకున్నవారిని చూసి చూసి విసుగెత్తి ఈ వ్యాసం రాస్తున్నాను. సొంతంగా తూటాలు నింపుకోవడానికి చట్టం అనుమతించే చోట, తగిన లైసెన్సు ఉన్నవారికి మాత్రమే ఇది వర్తిస్తుంది. మొదటి కాలిబర్‌లోనే ఇంకా తడబడుతున్నవారు రెండో దాని ఊసెత్తకూడదు.

మొదట ఖాళీ కేసులు లెక్కపెట్టండి

చాలామంది కాగితం తీసుకుని, కొన్న తూటా ధర ఇంత, నింపుకున్న తూటా ధర ఇంత, కాబట్టి మిగులు ఇంత అని లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పు కాదు గాని, అక్కడి నుంచి మొదలుపెట్టడం తప్పు. కేసు తిరిగి చేతికి వస్తేనే ఆ మిగులు. రాకపోతే ఆ కాగితం చించిపారేయవచ్చు. ఆటోమేటిక్ పిస్టల్ ప్రతి కేసునూ నాలుగు గజాల దూరం విసిరేస్తుంది. మీరు కాల్చే చోట గడ్డి మోకాలెత్తు ఉన్నా, నేల మీద పడ్డ కేసులు రేంజివారివే అన్న నియమం ఉన్నా, వాటిలో సగం కూడా మీకు దక్కవు. రివాల్వర్ అయితే కేసులన్నీ మన అరచేతిలోనే రాలుతాయి. అందువల్లనే .38 స్పెషల్, .44 మ్యాగ్నమ్ వంటి రివాల్వర్ కాలిబర్లు కాగితం మీద కనిపించేదానికంటే ఎక్కువ లాభసాటిగా ఉంటాయి. తక్కువ పీడనంతో పనిచేసే .45 ఏసీపీ కేసులు ఎంత కాలం మన్నుతాయంటే, అవి చిట్లకముందే ఎక్కడో పోగొట్టుకుంటాం.

కాబట్టి కొత్త కాలిబర్‌లో కొన్న తూటాలను కొన్నాళ్లు కాల్చి, ఎన్ని కేసులు వెనక్కి వచ్చాయో చూడండి. వెయ్యి కేసులైనా చేతిలో లేకుండా డైలు కొనకూడదన్నది నా నియమం. ఐదువందలు చాలవా అని వాదించేవారున్నారు గాని, రెండు సాయంత్రాల్లో అయిపోయే కేసుల కోసం ప్రెస్ అమరిక అంతా మార్చడం దండగమారి పని.

పనిముట్లు

ఈ విషయం మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కర్లేదు. తిన్నని గోడలున్న పిస్టల్ కేసులకు కార్బైడ్ డైలే కొనండి, నూనె పూసే బాధ తప్పుతుంది. కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ సరిపోతుందో లేదో తయారీదారు పట్టికలో చూడండి. .357 సిగ్ వంటి సీసామెడ కేసును రెండో కాలిబర్‌గా ఎంచుకోకండి.

కేసు అడుగున ఉండి పౌడర్‌ను అంటించే ప్రైమర్ కొలతను మాత్రం గమనించండి. 9 ఎం.ఎం., .380, .38 స్పెషల్, .357 మ్యాగ్నమ్, .40 ఎస్ అండ్ డబ్ల్యూ చిన్న ప్రైమర్‌ను వాడతాయి. 10 ఎం.ఎం. ఆటో, .44 మ్యాగ్నమ్, .45 కోల్ట్ పెద్దదాన్ని వాడతాయి. ఒక్క మీట లాగుడుకు అనేక పనులు చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ మీద చిన్నదాని నుంచి పెద్దదానికి మారడం విసుగు పుట్టించే పని. చిన్న ప్రైమర్ కాలిబర్‌లో ఉన్నవారు రెండోదాన్నీ చిన్న ప్రైమర్‌లోనే వెతుక్కోవాలి. పెద్దదే కావాలంటే దానికోసం విడిగా ఒక సింగిల్ స్టేజ్ ప్రెస్ పెట్టుకోవాలి. గంటకు ఎన్ని తూటాలు వస్తాయని అడిగేవారికి ఈ సలహా నచ్చదని తెలుసు. కానీ ప్రతి మీట లాగుడుకూ ఒకే పని జరిగే ప్రెస్ మీద, చేతిలో ఏముందో ప్రతిసారీ కంటికి కనిపిస్తుంది. ఆ లాభాన్ని వేగంతో తూచలేం.

కొత్త కాలిబర్ పాతదానితో ఎక్కడ కలిసిపోతుందో చూడండి

అసలు నిర్ణయం ఇక్కడే జరగాలి. దాదాపు అందరూ దాటవేసేది కూడా ఇక్కడే. పాత కాలిబర్‌కు ఎంత దగ్గరి చుట్టమైతే అంత చవక అని, కాబట్టి అంత మంచిదని అందరూ అనుకుంటారు. చవక అన్నది నిజమే. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే పొంచి ఉంటుంది.

.38 స్పెషల్, .357 మ్యాగ్నమ్‌ల సంగతే చూడండి. బుల్లెట్ (తూటా కొసన ఉండే గుండు) వ్యాసం ఒకటే, షెల్ హోల్డర్ ఒకటే, డైలు ఒకటే, ప్రైమర్ కొలత ఒకటే. రెండు కేసుల్నీ పక్కపక్కన నిలబెడితే పొడవులో 3.4 మిల్లీమీటర్ల తేడా తప్ప మరేమీ కనిపించదు. కానీ అమెరికన్ ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్‌కు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లయితే, .357 మ్యాగ్నమ్‌కు 35,000. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. 1935లో .357 వచ్చినప్పుడు దాని కేసును కావాలనే పొడిగించారు, ఆ తూటా పాత .38 రివాల్వర్‌లో దూరకూడదని. ఆ రక్షణ తూటా పొడవుకే గాని, లోపలి మందుకు కాదు. .357కు ఉద్దేశించిన పౌడర్‌ను పొరపాటున .38 కేసులో వేస్తే, ఆ తూటా ఏ అడ్డూ లేకుండా పాత .38 రివాల్వర్‌లోకి దూరిపోతుంది. చుట్టరికం వల్ల మిగిలిన డై సెట్ డబ్బు ఒక్క సిలిండర్ పగిలితే ఏ మూలకూ రాదు. .44 స్పెషల్, .44 మ్యాగ్నమ్ జంటలోనూ ఇదే కథ.

దీనికి తోడు .38 స్పెషల్ నల్లమందు రోజుల కొలతలతో పుట్టిన కేసు. చురుగ్గా మండే నేటి పౌడర్ అందులో అడుగున కాస్తంత మాత్రమే కనిపిస్తుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. 9 ఎం.ఎం.లో చాలా పౌడర్లు రెండోసారి పోస్తే పొర్లిపోతాయి, లేదా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆ కేసుకు అలవాటుపడ్డ కన్ను .38లో మోసపోతుంది. అందుకే పౌడర్ పోసిన యాభై కేసుల్నీ బల్ల దీపం కింద ఒకే పళ్లెంలో నిలబెట్టి, అన్నింటిలోనూ మట్టం ఒకేలా ఉందని చూసిన తరువాతే బుల్లెట్ కూర్చోబెట్టాలి. ఈ పని బద్ధకమనిపించేవారు విశాలమైన కేసుల జోలికి పోకూడదు.

ఇక ఆటోమేటిక్ పిస్టల్ కాలిబర్లు కలిసే తీరు వేరు. అక్కడ కలిసేది కేసుల కుప్పలో. 9 ఎం.ఎం. కేసు .40 కేసులోకి చక్కగా దూరుతుంది, .40 కేసు .45లోకి దూరుతుంది. కేసులను శుభ్రం చేసే టంబ్లర్‌లో ఇవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతే ఏ కేసూ సరిగ్గా శుభ్రపడదు, పైపెచ్చు డైలో పాత ప్రైమర్‌ను తోసే సూది విరుగుతుంది. ఇది చికాకే గాని అపాయం కాదు. .380 కేసు 9 ఎం.ఎం. కుప్పలో కలవడం అపాయం. ఒకటి 17.3 మిల్లీమీటర్లు, రెండోది 19.15, చేతినిండా కేసులు పట్టుకుని ప్రెస్‌లో వేసేటప్పుడు ఈ తేడాను వేళ్లు పసిగట్టవు. .380 కేసు గోడలు 9 ఎం.ఎం. డైలో వదులుగా ఉంటాయి, అది బుల్లెట్‌ను గట్టిగా పట్టి ఉంచదు. వదులైన బుల్లెట్ లోపలికి జారితే పీడనం పెరుగుతుంది.

తయారైన తూటాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 9 ఎం.ఎం. తూటా .40 పిస్టల్‌లో తూటా కూర్చునే గదిలోకి (చాంబర్‌లోకి) వెళ్తే, కేసును బయటికి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) పట్టుకున్నందువల్ల అది పేలే అవకాశం ఉంది. అప్పుడు వెడల్పైన చాంబర్‌లో ఆ కేసు నిలువునా చీలిపోతుంది. ఒకే రోజు, ఒకే సంచిలో, ఒకే రేంజికి రెండు కాలిబర్లను తీసుకుపోయేవారు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

.45 ఏసీపీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాడుకలో ఎక్కువగా కనిపించే కేసుకు పెద్ద ప్రైమర్ గూడు ఉంటుంది, కానీ కొందరు తయారీదారులు చిన్న ప్రైమర్ గూటితోనూ చేస్తున్నారు. బయటి నుంచి రెండూ అచ్చంగా ఒకటే. పెద్ద ప్రైమర్ అమరికలో చిన్న గూడున్న కేసు వస్తే, ప్రైమర్ లోపలికి పోక నలుగుతుంది. అది పేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి .45లోకి దిగాలనుకుంటే ప్రతి కేసు అడుగునూ వెలుతురులో తిప్పి చూసే ఓపిక మీకుందా లేదా అని ముందే తేల్చుకోవాలి. అంత ఓపిక లేదనేవారికి, పాత కాలిబర్‌లోనే ఉండమని నిర్మొహమాటంగా చెబుతాను.

ఈ దశలో చేయవలసిన పని ఇది. మీ పాత కాలిబర్ పేరు ఒక పక్క, కొత్తదాని పేరు ఇంకో పక్క రాసి, కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్, తయారైన తూటా, తుపాకీ అనే ఆరింటిలో ఏది దేనితో కలిసిపోగలదో, కలిస్తే ఏమవుతుందో ఒక్కొక్కదాని ఎదుట రాయండి. “ఏమీ కాదు, ప్రెస్ ఆగిపోతుంది” అని రాయగలిగినవాటి గురించి దిగులుపడనక్కర్లేదు. “తుపాకీ పాడవుతుంది” అని రాయవలసి వచ్చిన ప్రతి వరుసకూ ఒక అడ్డుకట్ట ఉండాలి. వేరే రంగు డబ్బా, వేరే రోజు, వేరే బల్ల, ఏదైనా సరే. అడ్డుకట్ట దొరకని వరుస ఒక్కటున్నా ఆ కాలిబర్ వద్దనుకోవడమే మేలు. ఒకే గది, ఒకే బల్ల ఉన్నవారికి నా మాట ఒక్కటే: ఒక రోజు ఒక కాలిబర్, బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా, పని ముగియగానే తొట్టిలో మిగిలిన పౌడర్ అదే డబ్బాలోకి. రేపు ఎలాగూ చేస్తాం గదా అని తొట్టిలో పౌడర్‌ను రాత్రంతా ఉంచేవారికి రెండో కాలిబర్ అర్హత లేదు.

డబ్బు లెక్క

ఇప్పుడు కాగితం తీయవచ్చు. పౌండు అంటే 7,000 గ్రెయిన్లు. తూటాకు 5 గ్రెయిన్లు పట్టే కేసులో ఒక పౌండు పౌడర్ 1,400 తూటాలకు వస్తుంది, 20 గ్రెయిన్లు మింగే మ్యాగ్నమ్ కేసులో 350కే అయిపోతుంది. ఈ అంకెలు ఖర్చు లెక్కకే గాని, నింపడానికి కావు. కేసు తిరిగి వాడుకుంటున్నప్పుడు అసలు ఖర్చు బుల్లెట్‌ది. .45కు వాడే 230 గ్రెయిన్ల బుల్లెట్లు పౌండుకు ముప్ఫై వస్తాయి, 9 ఎం.ఎం.కు వాడే 115 గ్రెయిన్లవి అరవై వస్తాయి. అయినా .45, .44, .45 కోల్ట్‌లలోనే ఆదా ఎక్కువ, ఎందుకంటే ఆ తూటాలను దుకాణంలో కొంటే ధర ఇంకా ఎక్కువగా ఉంటుంది. 9 ఎం.ఎం. విరివిగా తయారయ్యే తూటా కాబట్టి అందులో మిగులు పల్చగా ఉంటుంది. మీ సమయానికి విలువ కట్టి లెక్కలో కలపమనేవారి మాట నేను ఒప్పుకోను. అలా కడితే ఏ కాలిబర్‌నూ ఎవరూ రీలోడ్ చేయరు.

పౌడర్

మీ దగ్గరున్న పౌడర్ కొత్త కాలిబర్‌కు కూడా పనికొస్తుందేమో ఎంత పౌడర్ వేయాలో చెప్పే మాన్యువళ్లను రెండు వేర్వేరు తయారీదారులవి తీసి చూడండి. రెండింటిలోనూ లేకపోతే పనికిరాదనే అర్థం. కొనేటప్పుడు పేర్లు చూసి మోసపోకండి: హెచ్‌పీ-38, విన్‌చెస్టర్ 231 ఒకే పౌడర్, హెచ్-110, విన్‌చెస్టర్ 296 కూడా అంతే. ఈ రెండో జంట మ్యాగ్నమ్ కేసులకు పేరుపొందింది. మామూలుగా “తగ్గించి వేస్తే భద్రం” అని నేర్చుకుంటాం, ఈ పౌడర్‌తో ఆ పాఠం చెల్లదు. మాన్యువల్ చెప్పినదానికంటే బాగా తగ్గిస్తే ఇది సరిగ్గా అంటుకోక, బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. ఆ వెనుక వచ్చే తూటా సంగతి చెప్పనక్కర్లేదు. 9 ఎం.ఎం. అలవాట్లతో నేరుగా .44 మ్యాగ్నమ్‌లోకి దూకవద్దని నేననేది ఇందుకే.

తేల్చుకోలేకపోతే

ఇన్ని చూసినా మనసు అటూ ఇటూ ఊగుతుంటే, ఒక మూతగల డబ్బా మీద కొత్త కాలిబర్ పేరు పెద్ద అక్షరాలతో రాసి, పాత కేసులకు దూరంగా వేరే అలమారలో పెట్టండి. మీరు కాల్చిన ఆ కాలిబర్ కేసులు మాత్రమే, పొడవు సరిచూసి, ప్రైమర్ గూడు చూసి అందులో వేయండి. డబ్బా నిండినప్పుడు డైలు కొనండి. ఈలోగా ఎవరైనా సగం ధరకు డై సెట్ ఇస్తామన్నా తీసుకోకండి. అది బల్ల మీదికి వచ్చిందంటే డబ్బా నిండేదాకా ఆగే మనిషి ఉండడు.