పాలరాతి ఫైర్‌ప్లేస్: చలికాలం మొదటి మంటకు ముందు చూసుకోవాల్సినవి

బ్రిటన్‌లో పాత ఇల్లు కొని, కట్టెలో బొగ్గో కాల్చబోతున్నవాళ్లకు:

– ముందు మంట కింది పలక చూడండి. ఏకరాయి అయితే ఒకచోట వేడెక్కి, అంచులు చల్లగా ఉండి పగలొచ్చు. ముక్కలుగా కోసి, సన్నటి సందులు వదిలి, కింద కాంక్రీటు నింపిందే పనికొస్తుంది.

– ‘కల్చర్డ్ మార్బుల్’ రాతిపొడి, రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) కలిపి పోసింది. ఎలక్ట్రిక్ హీటర్‌కు సరే, కట్టెల మంటకు వద్దు.

– మసిని మెత్తటి బ్రష్‌తో పొడిగా దులిపాకే తడిగుడ్డ. ముందే తడిపితే రాయిలోకి ఇంకుతుంది.

– నిమ్మకాయ, వెనిగర్, చింతపండు (ఇత్తడి తోమే అలవాటు మనది!) తగిలితే మెరుపు పోతుంది. సీలర్ (రాతికి పూసే రక్షణ పూత) మరకను ఆలస్యం చేస్తుందే గానీ, ఆమ్లాన్ని ఆపదు.

– పలకలు కొత్తగా అతికించారా? పూర్తిగా ఆరాక, చిన్న మంటతోనే మొదలుపెట్టండి.