మైకు వైరును మోచేతికి చుట్టకండి

మైదానంలో పెద్ద సంగీతోత్సవం జరిగితే వేదిక వెనక ఉండేవారికి సగం పని వైర్లతోనే. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే తొందరలో చాలామంది మైకు వైరును అరచేతికీ మోచేతికీ మధ్య చాంతాడులా చుట్టేస్తారు. చుట్టు చుట్టుకూ వైరులో ఒక మెలి పడుతుంది. లోపలి సన్నని రాగి పోగులు తెగేది ఆ మెలికల దగ్గరే. తరువాతి కచేరీలో గాయకుడు ఆలాపన అందుకోగానే గరగర మొదలవుతుంది, తిట్లు మనకు పడతాయి.

మొదటి చుట్టు మామూలుగా వేయండి. రెండో దానికి బొటనవేలు నేలను చూసేలా మణికట్టు తిప్పి వైరు పట్టుకుని, ఆ చుట్టును లోపలి వైపు నుంచి వేయండి. ఒకటి అలా, ఒకటి ఇలా. మొదటి మెలిని రెండోది విప్పేస్తుంది. సరిగ్గా కుదిరిందా అనుకుంటే ఒక కొస పట్టుకుని చుట్టను విసరండి. గడ్డి మీద తిన్నగా పరుచుకుంటుంది. కొస మాత్రం చుట్ట మధ్యలోంచి దూరకూడదు, దూరిందా వరుసగా ముడులే. కట్టడానికి పాత సైకిలు ట్యూబు ముక్క చాలు. ప్లాస్టరు వద్దు, ఎండకు జిగురు వైరంతా అంటుకుంటుంది.

పరిచేటప్పుడు జనరేటరు వైరు పక్కనే మైకు వైరును నడపకండి, గుయ్యిమంటుంది. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. చలికాలం రాత్రి మంచు కురుస్తుంది కనుక రెండు వైర్లు కలిసే చోటును ఇటుక మీదికి ఎత్తిపెట్టండి.